కనిపించని గీత... చెప్పిన పాఠం

బయోకెమిస్ట్రీ, ఎంఎల్‌టీ, మైక్రోబయాలజీ చదువుతున్నారా? ‘శాంపిల్ పెట్టడం, రిపోర్ట్ ఇవ్వడం... ఇంతేనా మన ఉద్యోగం?’ అనిపిస్తోందా? అయితే ఈ కథ మీకోసమే.

1960ల ఆరంభం. స్వీడన్‌లోని మాల్మో ఆసుపత్రి ల్యాబ్. కార్ల్ బెర్టిల్ లారెల్ రక్తంలోని ప్రొటీన్లను ఎలక్ట్రోఫోరెసిస్‌తో విడదీసి, ఆ పట్టీలను పరిశీలిస్తున్నారు. దాదాపు 1500 నమూనాల్లో ఐదింటిలో ఒక గీత కనిపించలేదు. ‘టెస్ట్ సరిగ్గా రాలేదులే’ అని పక్కన పడేయొచ్చు. ఆయన అలా చేయలేదు. యువ వైద్యుడు స్టెన్ ఎరిక్సన్‌తో కలిసి ఆ ఐదుగురి వివరాలు తిరగేశారు. వారిలో ముగ్గురికి ఎంఫిసీమా అనే ఊపిరితిత్తుల జబ్బు ఉంది! 1963లో ఈ విషయాన్ని ప్రచురించారు.

ఆ కనిపించని ప్రొటీన్ ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. ఊపిరితిత్తుల గోడలను ఎంజైమ్‌లు తినేయకుండా కాపాడేది ఇదే.

ఊపిరికీ గుండెకూ లింకేంటి?

అదే మాల్మోలో మగవారిపై జరిగిన మరో అధ్యయనం 2002లో వెలువడింది. వాపు పెరిగినప్పుడు రక్తంలో ఎక్కువయ్యే ఐదు ప్రొటీన్లను అందులో చూశారు. ఫైబ్రినోజన్, హాప్టోగ్లోబిన్, సెరులోప్లాస్మిన్, ఒరోసోముకాయిడ్‌తో పాటు మన ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ కూడా వాటిలో ఉంది. ఊపిరితిత్తుల సామర్థ్యం తక్కువగా ఉన్నవారిలో ఈ ప్రొటీన్లు ఎక్కువగా ఉన్నాయి. గుండె జబ్బుల ముప్పూ ఎక్కువే. అయితే ఆ ముప్పులో కొంత భాగాన్నే ఈ ప్రొటీన్లు వివరించగలిగాయి, మొత్తాన్ని కాదు.

ఇంటర్వ్యూలో ఇలా అడిగితే?

‘అంటే ప్రొటీన్ పెరగడం వల్లే గుండె జబ్బు వస్తుందా?’ వెంటనే ‘అవును సార్’ అనకండి. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. పొగతాగడం ఊపిరితిత్తులనూ గుండెనూ దెబ్బతీస్తుంది, రక్తంలో ఈ ప్రొటీన్లనూ పెంచుతుంది. సీఆర్‌పీ సంగతే చూడండి. గుండె ముప్పును అంచనా వేయడానికి అది పనికొస్తుంది. కానీ జబ్బుకు అదే కారణం కాకపోవచ్చని జన్యు అధ్యయనాలు సూచించాయి. ‘సూచిక’కూ ‘కారణాని’కీ తేడా చెప్పగలిగితే బోర్డు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటుంది.

దారులు ఇవీ...

క్లినికల్ ల్యాబ్: ఆయాసంతో వచ్చిన రోగికి సమస్య గుండెదా, ఊపిరితిత్తులదా? ఇది తేల్చడంలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష డాక్టరుకు సాయపడుతుంది. గుండె గోడలపై ఒత్తిడి పెరిగితే దీని స్థాయి పెరుగుతుంది. ల్యాబ్‌లో తప్పు జరిగితే చికిత్సే దారి తప్పొచ్చు.

రెస్పిరేటరీ థెరపీ: స్పైరోమెట్రీలో రోగి గట్టిగా ఊదాలి. మొదటి సెకన్లో ఎంత గాలి బయటికొచ్చిందో (ఎఫ్‌ఈవీ1) చూస్తారు. రోగి సరిగ్గా ఊదకపోతే అంకెలన్నీ తప్పే. అందుకే ఇక్కడ యంత్రం తెలిస్తే చాలదు, మాట కూడా రావాలి.

బయోస్టాటిస్టిక్స్, ఎపిడెమియాలజీ: మాల్మో లాంటి అధ్యయనాలు నడిచేది వీరి లెక్కల మీదే. లైఫ్ సైన్సెస్ డిగ్రీకి ‘ఆర్’ లేదా పైథాన్ తోడైతే ఇటు అడుగేయొచ్చు.

పీజీ చేయాలనుకుంటే తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్ ఉన్నాయి. బయోటెక్నాలజీ పీజీకి గ్యాట్-బి, పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్‌ఐఆర్ నెట్ రాయొచ్చు. అర్హతలను మాత్రం ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే సరిచూసుకోండి.

ఈ వారమే మొదలుపెట్టండి

ఫైనలియర్ ప్రాజెక్టులో గ్రాఫ్‌కు అందని రీడింగ్ ఒకటి వచ్చిందా? గైడ్ చూస్తారేమోనని కొట్టేయకండి. పరీక్ష మళ్లీ చేయండి. అప్పుడూ అలాగే వస్తే నోట్‌బుక్‌లో రాసిపెట్టి, ఎందుకొచ్చిందో వెతకండి. రేపు ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టులో మీరేం చేశారు?’ అని అడిగితే, చెప్పడానికి మీకంటూ ఒక కథ ఉంటుంది.