ఎముక గుల్లబారకముందే మేలుకొందాం

మేడ్చల్‌లోని మా ఇంట్లో, అత్తగారి చీర కుచ్చెళ్లు నేలను తాకుతున్నాయని రెండేళ్లపాటు అందరమూ నవ్వుకొన్నాము. ఆమె ఎత్తు తగ్గుతున్నదని ఎవరికీ తోచలేదు. ఒకనాడు పెరటి గడప వద్ద కాలు జారి చేయి ఆనించారు, మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయని, వెన్నుపూసలు నలగడం వల్లనే ఎత్తు తగ్గారని వైద్యులు చెప్పారు. అంతవరకు ఆమె నడుమునొప్పికి తైలం మర్దించడమే మేమెరిగిన చికిత్స.

ఆస్టియోపోరోసిస్ అనే ఈ వ్యాధి ఎముక విరిగేవరకు తరచు బయటపడదు. బహిష్టులు ఆగిన తరువాత ఈస్ట్రోజన్ తగ్గి, స్త్రీల ఎముకలు త్వరగా క్షీణిస్తాయి. అస్థిధాతువు వాతానికి నెలవనీ, వార్ధక్యంలో వాతం ప్రబలుతుందనీ ఆయుర్వేదం ఏనాడో హెచ్చరించింది.

శామీర్‌పేటలోని మా చిన్నమ్మ పొలం పని చేసే మనిషి. ఎండా శ్రమా ఉన్నవి గనుక ఆమెకేమి భయమనుకొన్నాను. అది పొరపాటు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం 30–60 ఏళ్ల పేద స్త్రీలను పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రకటించింది. తుంటి వద్ద ఎముక గుల్లబారినవారు నూటికి సుమారు 29 మంది. వారి ఆహారంలో రోజుకు అందిన కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములే! పెద్దలకు 1000, బహిష్టులాగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాములు కావాలని ఆ సంస్థ 2020 నాటి సిఫారసు.

ఇప్పుడు మా రెండిళ్లలోనూ ఉదయం రాగిజావ తప్పదు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వుల పొడి, మునగాకు దానికి తోడు. చేతులకు నూనె రాసికొని లేత నల్లేరు కణుపుల నార తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండుతో పచ్చడి నూరుతాము. పచ్చి నల్లేరు దురద పెడుతుంది. కాసేపు ఎండ, నడక కూడా అవసరమే.

అయితే ఇవి ఎముకకు పోషణ మాత్రమే. గుల్లబారిన ఎముకకు వైద్యుని మందులు మానరాదు. చిన్న జారుడుకే ఎముక విరిగినవారు, ఎత్తు తగ్గినవారు వైద్యుని సంప్రదించి డెక్సా పరీక్ష చేయించుకోవాలి. అది కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు.

సోదరీమణులారా! మీ ఇంటి పెద్దల కుచ్చెళ్లు నేలను తాకుతుంటే మావలె నవ్వి ఊరుకోకండి.