బొద్దుబిడ్డ – ఆరోగ్యము

బొద్దుగా నున్న బిడ్డ చూచువారి కన్నులకు విందే. కాని బొద్దుతనమెల్ల ఆరోగ్యము కాదు. నందికొట్కూరు వంటి మెట్టసీమలో తల్లుల దిగులు చిరకాలముగా బిడ్డల బక్కతనమును గూర్చియే. అది నేటికిని తీరలేదు. అయినను మన దేశమున అయిదేండ్లలోపు బిడ్డలలో అధికబరువు గలవారు 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 2.1 కాగా, 2019-21 నాటికి 3.4 అయిరి.

ఇట్టి బిడ్డలు పెద్దయిన పిదపను స్థూలకాయులగుట మెండు. మధుమేహము, రక్తపుపోటు వారికి త్వరగా కలుగవచ్చును. వైద్యమునకగు వ్యయమును పెరుగును. రోగము ముదిరిన పిమ్మట ఆసుపత్రికి పరుగెత్తుట కంటె ముందుగా బిడ్డను తూచి చూచుకొనుట మేలు గదా! అంగన్‌వాడీలో బిడ్డ బరువును, ఎత్తును కొలుతురు. ఎత్తునకు తగిన బరువున్నదా యని అడిగి తెలిసికొనుడు. మించినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున వైద్యునికి చూపుడు. మీయంతట మీరు తిండి తగ్గింపకుడు, ఎదుగుదల కుంటుపడును.

ఆరు నెలల వరకు చనుబాలే చాలును. పిదప చనుబాలతోపాటు రాగిజావ, పప్పన్నము, గ్రుడ్డు, పండ్లు పెట్టవలెను. రెండేండ్లలోపు చక్కెర వలదు. ఏడ్చినప్పుడెల్ల బిస్కత్తు చేతికిచ్చుట, ఫోను చూపుచు తినిపించుట మానవలెను. బిడ్డ మొగము త్రిప్పుకొన్నచో బలవంతము కూడదు. అవ్వ ముద్దుగా పెట్టు మిఠాయిని కాదనుట కోడలికి కష్టమే. అత్తగారిని గూడ వైద్యునికడకు వెంటబెట్టుకొని పోయినచో ఆ మాట ఆయనయే చెప్పును.