తూటాలు లెక్కపెట్టే ఆట.. మీరే రాస్తారా?

*సైనిక చరిత్ర ఇష్టం. గేమ్స్ ఇంకా ఇష్టం. కోడింగ్ మాత్రం రాదు. అయినా మీరు గేమ్ డిజైనర్ కావచ్చు. అయితే ముందుగా కొన్ని నిజాలు తెలుసుకోండి!*

బీజీఎంఐ ఆడుతుంటే గన్ ఖాళీ అయిందనుకోండి. వేలితో ఒక్కసారి నొక్కితే రీలోడ్! అలాకాకుండా.. మీ జట్టు మొత్తానికి మిగిలినవి ఇరవై తూటాలే. జీపులో డీజిల్ పది కిలోమీటర్లకే సరిపోతుంది. ఒకరి కాలికి గాయమైంది. ఇప్పుడు ముందుకెళ్తారా, పక్క ఊళ్లో ఆగుతారా? దీనిమీద నలుగురు ఫ్రెండ్స్ కూర్చుని గంటసేపు వాదించుకుంటే అదే టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్. స్క్రీన్ ఉండదు. రూల్‌బుక్, పెన్సిళ్లు, పాచికలు చాలు. ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడిపిస్తారు. మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుని ఆడతారు.

మూలాలు సైన్యంలోనే

1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్ తోటి అధికారుల శిక్షణ కోసం మ్యాపులు, పాచికలతో ‘క్రీగ్‌ష్పీల్’ ఆటకు నియమాలు ప్రచురించారు. అలాంటి యుద్ధ క్రీడల నుంచే 1974లో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ పుట్టింది.

ఓడిపోయిన సైనికుల కథ

1984లో అమెరికాలోని గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అనే చిన్న సంస్థ ‘ట్విలైట్: 2000’ తెచ్చింది. మూడో ప్రపంచయుద్ధంలో పోలండ్‌లో చిక్కుకున్న సైనికుల కథ అది. పైనుంచి ఆదేశాలు రావు. గెలవడం కాదు, బతకడమే లక్ష్యం. బండి నడవాలంటే ఆల్కహాల్‌ను సొంతంగా కాచుకోవాలి!

1991లో సోవియట్ యూనియనే కూలిపోయింది. ఆటలో ఊహించిన భవిష్యత్తు తప్పయింది. 1996లో సంస్థ కూడా మూతపడింది. కానీ అభిమానులు మర్చిపోలేదు. 2020లో స్వీడన్‌కు చెందిన ఫ్రీ లీగ్ సంస్థ కిక్‌స్టార్టర్‌లో చందాలు సేకరించి దాన్ని మళ్లీ బతికించింది. పాఠం ఏంటంటే.. మార్కెట్ చిన్నదైనా పాఠకులు గట్టివాళ్లు. అలాగని వాళ్లొక్కరే కంపెనీని నిలబెట్టలేరు.

మొదలుపెట్టేదెలా?

- ఒక్క ప్రశ్న చాలు: ‘యుద్ధం మీద గేమ్’ అంటే ఎప్పటికీ పూర్తికాదు. ‘ఆహారం అయిపోతున్న చెక్‌పోస్టులో ఒక రాత్రి’ అనుకోండి, 24 పేజీల్లో ముగుస్తుంది.
- లెక్క సరిచూడండి: రెండు పాచికలు వేస్తే మొత్తం 10 లేదా అంతకన్నా ఎక్కువ పడే అవకాశం 36లో 6 సార్లే, అంటే దాదాపు 17 శాతం. శిక్షణ పొందిన సైనికుడి గురి అంత అధ్వానమా?
- నోరు మూసుకుని చూడండి: పుస్తకాన్ని వేరే బ్యాచ్ చేతికిచ్చి పక్కన కూర్చోండి. ఏమీ వివరించకండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ మీ వాక్యం సరిగా లేదని అర్థం.
- కాపీరైట్ జాగ్రత్త: ఆడే పద్ధతి ఎవరి సొంతం కాదు. కానీ రాసిన వాక్యాలు, గీసిన బొమ్మలు వాటి సొంతదారులవే. డీ అండ్ డీ మూల నియమాల పత్రం 2023 నుంచి క్రియేటివ్ కామన్స్‌లో ఉంది. పేరు ప్రస్తావించి వాడుకోవచ్చు.
- ఖర్చు తగ్గించండి: పేజీ లేఅవుట్‌కు స్క్రైబస్ ఉచితం. మన దేశంలో ఐఎస్‌బీఎన్ నంబరూ ఉచితమే. పీడీఎఫ్‌ను ఇచ్.ఐఓ, డ్రైవ్‌త్రూ ఆర్‌పీజీ లాంటి సైట్లలో అమ్మొచ్చు. ముందే వెయ్యి కాపీలు అచ్చేయించి మంచం కింద పెట్టుకోకండి!

ఉద్యోగం వస్తుందా?

నేరుగా దీంతోనే ఇల్లు గడవడం కష్టం. ఈ రంగంలో చాలామంది వేరే ఉద్యోగం చేసుకుంటూనే రాస్తారు. కాబట్టి ప్లేస్‌మెంట్స్ వదిలేసి దీని వెంట పడొద్దు. కానీ నియమాలు రాయడం, సంభావ్యత లెక్కకట్టడం, ఆడేవాళ్ల ఇబ్బంది గమనించి సరిదిద్దడం.. వీడియో గేమ్ స్టూడియోల్లో సిస్టమ్ డిజైనర్, నెరేటివ్ డిజైనర్ చేసే పనీ అదే. టెక్నికల్ రైటింగ్‌కూ పనికొస్తుంది. ఇంటర్వ్యూలో ‘నా దగ్గర మంచి ఐడియా ఉంది’ అనేవాళ్లు బోలెడుమంది. పూర్తిచేసిన పుస్తకాన్ని టేబుల్ మీద పెట్టేవాళ్లు కొద్దిమందే.

చివరగా ఒక మాట. మీరు రాసే ఆటలో ఆ పక్క ఊళ్లో జనం కూడా ఉంటారు. వాళ్ల బియ్యం మీ సైనికులు లాక్కుంటే ఏమవుతుంది? దానికో రూల్ రాయండి. యుద్ధం మీద ఆట రాసేవాళ్ల బాధ్యత అక్కడే మొదలవుతుంది. ఈ సెలవుల్లో ఆ ఒక్క పేజీతోనే ప్రారంభించండి.