మోసగాడిదే గెలుపని గణితం తేల్చిందా?

సహకరించేవాడు చివరికి మిగలడనీ, సహకరించాలా, మోసగించాలా అని ఇద్దరూ విడివిడిగా ఎంచుకునే ఖైదీల సందిగ్ధం ఆటతో గణితమే ఆ సంగతి తేల్చేసిందనీ వ్యక్తిత్వ వికాస తరగతుల్లో చెప్పడం మామూలైపోయింది. ఆఫీసుల్లో బెల్ కర్వ్ రేటింగులు పెట్టి, పక్కవాణ్ణి తొక్కితేనే పైకొస్తావని నూరిపోసేవాళ్లకు ఈ ‘శాస్త్రం’ భలే అక్కరకొస్తోంది. ఎవరికి ఎవరు తగులుతారో తెలియని గుంపులో, ఒక్కసారి ఆడి ఎవరి దారిన వాళ్లు పోయే చోట మోసగాడిదే పైచేయి. అంతవరకు ఒప్పుకోక తప్పదు. కానీ బతుకు చాలావరకు సాగేది ఇరుగుపొరుగుల మధ్యే.

పొరుగు లెక్కలోకి వస్తే ఏమవుతుందో మార్టిన్ నోవాక్, రాబర్ట్ మే 1992లో నేచర్ పత్రికలో చూపించారు. చదరపు గళ్లలో గడికొక ఆటగాడు. ప్రతివాడూ చుట్టూ ఉన్న 8 మందితోనూ, లెక్కకు తనతోనూ ఆడి, ఆ పరిసరాల్లో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాణ్ణి అనుకరిస్తాడు. ఇద్దరూ సహకరిస్తే చెరొక పాయింటు, సహకారిని మోసగిస్తే 1.9, మిగతా వాటికి సున్నా. అందరూ సహకారులే ఉన్నచోట ఒక మోసగాణ్ణి వదిలితే వాడికి 15.2 పాయింట్లు, వాడి నీడ పడని సహకారికి 9. చుట్టూ ఉన్న 8 మందీ వాడి దారే పడతారు. మరుసటి విడతకు దోచుకోవడానికి పక్కన ఎవరూ మిగలక మొదటివాడి రాబడి సున్నా! మోసం 5×5 చదరంగా పెరిగాక అంచు నడిమి మోసగాడికి 5.7, ఎదుటి సహకారికి 6. అక్కణ్ణుంచి సహకారం తిరిగి చొచ్చుకొస్తుంది. సహకారుల్నీ మోసగాళ్లనూ కలగలిపి మొదలుపెడితే సహకారులు సుమారు 32 శాతం దగ్గర నిలదొక్కుకుంటారు.

అందరూ ఒకేసారి మారడం కృత్రిమం కదా అనవచ్చు. 1993లో హ్యూబర్‌మన్, గ్లాన్స్ అదే అన్నారు. ఒక్కొక్కరినే మారిస్తే 1.9 దగ్గర సహకారం తుడిచిపెట్టుకుపోయింది. ప్రలోభం తక్కువైతే అలా మార్చినా నిలుస్తుందని నోవాక్ బృందం 1994లో జవాబిచ్చింది. అంటే తేల్చేది మనిషి నైజం కాదు, మోసానికి దక్కే ప్రతిఫలం.

పొరుగుంటే చాలు, మంచితనం దానంతటదే మొలుస్తుందనేదీ అపోహే: ఎదుటివాడు మోసం చేసినా సహకరించడమే మేలయ్యే ‘మంచుదిబ్బ’ ఆటలో అదే పొరుగు సహకారాన్ని తరచూ తగ్గిస్తుందని హావర్ట్, డోబెలి 2004లోనే చూపారు.

సహకారం నిలవాలంటే దానివల్ల వచ్చే లాభం, దాని ఖర్చుకు పొరుగువారి సంఖ్యంత రెట్లను మించాలన్నది 2006లో ఓట్సుకి బృందం ఇచ్చిన ఉజ్జాయింపు సూత్రం. కాబట్టి జట్లు చిన్నవిగా ఉంచండి, మాటిమాటికీ చెదరగొట్టకండి, పక్కవాణ్ణి ముంచితే వచ్చే లాభానికి కోత పెట్టండి. ఆ లాభాన్ని పెంచే రేటింగులు పెట్టి, ఉద్యోగుల్లో కలిసి పనిచేసే గుణం లేదని వాపోవడం దండగ.