బస్సులో బిడ్డకు పాలిస్తే తప్పేంది?

ఈరోజు టాపిక్ చెప్తే మా ఫ్రెండ్స్ "మగోడివి, నీకెందుకురా ఇది" అన్నారు. ఎందుకంటే, బస్సులో ఆ తల్లి పక్క సీట్లనో ఎదురు సీట్లనో కూర్చునేది నేనే కదా. ఆమెకు ఇబ్బంది అయ్యేది మా చూపులతోనే. అందుకే మగోళ్లు కూడా వినాలె.

మన దోమకొండ నుంచి హైదరాబాద్ పోవాలంటే మొత్తం మీద మూడు గంటల మాట. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి స్కీమ్‌లో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ అయినయి. టీకాలకని, తల్లిగారింటికని, పెండ్లిళ్లకని చంటిపిల్లల్ని ఎత్తుకొని తిరిగే అక్కలు ఏ బస్సు చూసినా కనిపిస్తరు. ఇప్పుడు లెక్క చూడండి. పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. అంటే రెండు మూడు గంటలకోసారి. మూడు గంటల ప్రయాణంలో ఒక్కసారైనా ఇయ్యక తప్పదు.

"కొంచెం ఆగి, ఇంటికి పోయినంక ఇయ్యొచ్చు కదా" అంటారు. నేను బీటెక్ చదివి నాలుగేండ్లు కోడ్ రాసినోణ్ని, నా భాషలో చెప్తా. ఇది టైమ్ పెట్టి నడిపే క్రాన్ జాబ్ కాదు. బిడ్డ నుంచి రిక్వెస్ట్ వస్తేనే నడిచే సిస్టమ్. బిడ్డ చప్పరిస్తే తల్లి ఒంట్లో రెండు హార్మోన్లు పనిచేస్తాయి. ప్రొలాక్టిన్ పాలను తయారుచేస్తుంది, ఆక్సిటోసిన్ వాటిని బయటికి తోస్తుంది. ఎంత ఖాళీ అయితే అంత తయారవుతాయి. ఇయ్యకుండా ఆపితే రొమ్ము గడ్డకట్టి నొప్పి పుడుతుంది, కొందరికి ఇన్‌ఫెక్షన్ అయి జ్వరం కూడా వస్తుంది. అట్లనే రోజూ ఆపుతూ పోతే పాలు తగ్గుతాయి. అసలు చిక్కు ఆక్సిటోసిన్ దగ్గర ఉంది. తల్లి భయపడితే, సిగ్గుతో ముడుచుకుంటే, ఆ హార్మోన్ సరిగ్గా పనిచేయదు. పాలు ఉంటాయి, కానీ దిగవు. బిడ్డ ఇంకా ఏడుస్తుంది, చూసేటోళ్లు ఇంకా ఎక్కువైతారు.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదు అంటాం గానీ, బిడ్డ ఏడ్చిందంటే అప్పటికే లేట్ అయినట్టు. చెయ్యి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం, ఇవి మొదటి సైగలు. వెక్కివెక్కి ఏడ్చే బిడ్డ రొమ్ము పట్టడం కష్టం. పిండి సీసాలో తీసుకుపోవచ్చు కదా అంటారా? మామూలు గది వేడిలో ఆ పాలు నాలుగు గంటల దాకా నిలుస్తాయంటారు, అదీ 25 డిగ్రీల దగ్గర. మన కామారెడ్డి ఎండాకాలంలో బస్సు లోపల 25 డిగ్రీలు ఎక్కడుంటయ్?

ఇంకో ముచ్చట. ఇది మనకు కొత్తదేం కాదు. దోమకొండ, బీబీపేట దిక్కు బీడీలు చుట్టే అక్కల్ని చూడండి. ఒళ్లో చాట పక్కకు పెట్టి, బిడ్డను అందుకొని, వాకిట్లోనే పాలిచ్చి మళ్లీ పనిలో పడతారు. (తంబాకు పట్టిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ముట్టాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు.) నాట్లకు పోయిన అవ్వలు గట్టు మీద కూర్చొని ఇచ్చినోళ్లే. ఎవరూ తప్పు పట్టలేదు. మరి ఇప్పుడేమైంది? కొంత బట్టలు మారినయ్. చీర కొంగు తోటి అయ్యే పని కుర్తాతో కాదు. కానీ నా దృష్టిలో పెద్ద కారణం ఫోన్. ప్రతి చేతిలో కెమెరా ఉంది, ఎవడు ఎటు తిప్పుతున్నడో తెల్వదు. పొలం గట్టు మీద అవ్వకు ఆ భయం లేకుండే.

చట్టం సంగతికొస్తే, బిడ్డకు పాలియ్యడం మన దేశంలో నేరం కాదు. 2018లో కేరళలో గృహలక్ష్మి మ్యాగజైన్ కవర్ మీద పాలిచ్చే ఫోటో వేస్తే అశ్లీలమని కోర్టుకు పోయారు. కేరళ హైకోర్టు ఒప్పుకోలేదు. ఆ బెంచ్‌లో ఒకరు మన తెలుగాయనే, జస్టిస్ దామా శేషాద్రి నాయుడు. 2025 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు జస్టిస్ నాగరత్న, జస్టిస్ వరాలె బెంచ్ ఇంకా సూటిగా చెప్పింది: బహిరంగ చోట పాలిచ్చే తల్లిని చిన్నచూపు చూడొద్దు. స్త్రీల గౌరవాన్ని తగ్గించే అలవాట్లు మానుకోవడం రాజ్యాంగం 51ఎ(ఇ) ప్రకారం పౌరుల బాధ్యత అని గుర్తు చేసింది. కొత్తగా కట్టే ప్రభుత్వ భవనాల్లో పాలిచ్చే గదులకు జాగా పెట్టాలని, పాతవాటిలో వీలైనంత వరకు ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. తమిళనాడు అయితే 2015 ఆగస్టులోనే బస్టాండ్లలో ఇలాంటి గదులు తెరిచింది.

గదులు కావాలి, డౌట్ లేదు. కానీ ఒక డేంజర్ కూడా ఉంది. గది కట్టినంక "గదిలోకి పో" అనడం మొదలైతుంది. నడిచే బస్సులో గది ఎక్కడిది? కోర్టు గదులు పెట్టమన్నది గానీ, బయట ఇయ్యొద్దని ఎక్కడా అనలేదు. ఇక బాత్‌రూమ్‌లో ఇచ్చి రమ్మనేటోళ్లకు నాదొక్కటే ప్రశ్న: మీ టిఫిన్ అక్కడ తింటరా?

మరి పక్క సీట్లో ఉన్న నాలాంటోడు ఏం చేయాలె? పెద్ద సేవేం అవసరం లేదు. కిటికీ సీటు ఆమెకు ఇయ్యండి. ఫోన్ జేబులో పెట్టండి. నిలబడ్డ జనం మీద పడుతుంటే కొంచెం అడ్డం నిలబడండి, మీ వీపు ఆమె వైపు ఉంచి. ఎవడన్నా గుడ్లప్పగించి చూస్తుంటే "అన్నా, ఇటు జరుగు" అని చెప్పండి. కండక్టరన్నలూ, బస్టాప్‌లో బిడ్డ ఇంకా తాగుతుంటే ఒక్క నిమిషం ఆపి విజిల్ కొట్టండి.