లాగుడు ఆటపై కుక్కకు మక్కువ కలిగించడం

పట్టణాల్లోని అపార్ట్‌మెంట్లలో పెరిగే కుక్కల్లో చాలావాటికి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి గొలుసు పట్టుకుని వీధిలో తిప్పడమే వ్యాయామంగా మిగిలింది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినాయిస్ వంటి పనికోసం పెంపొందించిన జాతులకు గానీ, ముధోల్, రాజపాళయం వంటి దేశీయ వేటజాతులకు గానీ మనిషి నడిచే వేగం ఒంటికి పట్టేంత శ్రమ కాదు. ఆ శక్తి తీరే దారి లేనప్పుడు చెప్పులు కొరకడం, పరుపులు చింపడం, కారణం లేకుండా మొరగడం వంటి అలవాట్లు తలెత్తుతాయి. చిన్న స్థలంలో, కొద్ది నిమిషాల్లో కుక్క శరీరానికీ మనసుకూ పని కల్పించే ఉపాయంగా లాగుడు ఆటను, దానికోసం తయారైన పరికరాలను శిక్షకులు సూచిస్తుంటారు.

ఈ పరికరాల్లో అన్నిటికంటె సులువైనది రెండు చివరలా ముడులు వేసిన మందపాటి నూలుతాడు. దాని ఒక చివరను మనిషి పట్టుకుంటే, మరో చివరను కుక్క పట్టుకుంటుంది. రెండవది ఫ్లర్ట్ పోల్, అంటే గాలం కర్రలాగా పొడవాటి కర్రకు తాడు కట్టి, తాడు చివర గుడ్డనో తోలుముక్కనో బిగించిన సాధనం. మనిషి ఉన్నచోటనే నిలబడి కర్రను తిప్పుతుంటే కుక్క ఆ ముక్క వెంట పరుగెత్తి, దాన్ని అందుకుని లాగుతుంది. మూడవది స్ప్రింగ్ పోల్. బలమైన కొమ్మకో దూలానికో గట్టి స్ప్రింగును వేలాడదీసి, దానికి తాడు, తాడు చివర కుక్క నోటితో పట్టుకునే వస్తువు అమరుస్తారు; కుక్క లాగినప్పుడు స్ప్రింగు సాగి, పట్టు సడలించగానే వెనక్కి లాక్కుంటుంది గనుక ఎదుట మరొకరు లాగుతున్న అనుభవం కుక్కకు కలుగుతుంది. ఖర్చుపెట్టి ఇటువంటి సాధనం ఏర్పాటు చేసిన తరువాత కుక్క దాన్ని ఒకసారి వాసన చూసి పక్కకు వెళ్లి పడుకోవడం తరచుగా జరిగేదే. తమ కుక్క బద్ధకస్తురాలనో, దానికి ఆటలు పట్టవనో పెంపకందార్లు అప్పుడు నిర్ణయానికి వచ్చేస్తారు. ఈ నిర్ణయం చాలా సందర్భాల్లో తొందరపాటే. లోపం సాధారణంగా ఆ వస్తువును పరిచయం చేసిన తీరులో ఉంటుంది.

కుక్క అసలు ఎందుకు లాగుతుందో తెలిస్తే ఈ తీరును సరిదిద్దుకోవడం కష్టం కాదు. తోడేలు వంటి వేటజంతువు ఎరను గమనించడం, కళ్లతో నిలకడగా చూడడం, పొంచి దగ్గరకు రావడం, తరమడం, పట్టుకోవడం, చంపడం, చీల్చడం, తినడం అనే వరుసలో ప్రవర్తిస్తుంది. దీనిని జంతుప్రవర్తన శాస్త్రజ్ఞులు వేటక్రమం అంటారు. మనిషి తన అవసరాల కోసం కుక్కజాతులను ఎంపికచేసి పెంచుతూ వచ్చినప్పుడు ఈ క్రమంలోని కొన్ని అంచెలు బలపడ్డాయనీ, కొన్ని క్షీణించాయనీ అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు రేమండ్ కాపింజర్ వివరించారు. గొర్రెలను మళ్లించే బార్డర్ కోలీలో చూపు నిలపడం, పొంచడం, తరమడం ప్రబలంగా ఉంటాయి. వేటగాడు కొట్టిన పక్షిని చెడకుండా తెచ్చి ఇచ్చే రిట్రీవర్ జాతుల్లో నోటితో మెత్తగా పట్టుకునే గుణం నిలిచింది. ఎలుకలు, కుందేళ్ల వేటకు పెంచిన టెర్రియర్లు పట్టుకుని విదిలించడంలో ఆనందిస్తాయి. మందలకు కాపలా ఉండే జాతుల్లో ఈ అంచెలు చాలామేరకు మందగించాయి. కనుచూపుతో వేటాడే ముధోల్, రాజపాళయం కుక్కలకు కదిలి పారిపోయేదాని మీద ఉన్న ఆసక్తి కదలని తాడుమీద ఉండకపోవడం సహజమే. ఊరకుక్కల సంతతికి ఇటువంటి జాతిముద్ర లేదు కాబట్టి ఒక్కొక్క కుక్క స్వభావాన్ని విడిగా గమనించి తెలుసుకోవలసి ఉంటుంది.

చెట్టుకు వేలాడదీసిన తాడు పట్ల కుక్క ఉదాసీనంగా ఉండటానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. కదలని వస్తువు దాని దృష్టిలో ఎర కాదు. వేటక్రమంలో మొదటి అంచెను కదిలించేది కదలికే. ఆ కదలిక కూడా ఎటువైపు సాగుతున్నదన్నది చాలా ముఖ్యం. లోకంలో ఏ ఎరా తనను తినబోయే జంతువు నోటికి ఎదురుగా రాదు, దూరంగా పారిపోతుంది. పెంపకందార్లు మాత్రం తాడును కుక్క మూతి ముందు ఆడించడం, పెదవులకు ఆనించడం, పళ్ల మధ్య దూర్చడం చేస్తుంటారు. మీదికి వస్తున్న వస్తువునుంచి తల తిప్పుకోవడం కుక్కకు ఆత్మరక్షణ కాబట్టి, ఎంత ఎక్కువగా దూర్చితే అంత ఎక్కువగా అది ఆ వస్తువును తప్పించుకోవడం నేర్చుకుంటుంది. దీనికి భిన్నంగా తాడును నేలబారుగా, కుక్కకు దూరమయ్యే దిశలో, కాసేపు వేగంగా లాగి, హఠాత్తుగా ఆపి, సన్నగా వణికించి, మళ్లీ ఏ తలుపుచాటుకో బల్లకిందకో జారిపోయేట్టు చేస్తే, అంతవరకు పట్టించుకోని కుక్క కూడా చెవులు నిక్కించి చూస్తుంది. వస్తువు కనుమరుగయ్యే ఆ క్షణంలోనే చాలా కుక్కలు ముందుకు ఉరుకుతాయి. నేర్పు అంతా ఈ కదలికలో ఉన్నది; పరికరం ధరకు దానితో సంబంధం లేదు.

వస్తువు ఎంపికలో కుక్క అభిరుచికే పెద్దపీట వేయాలి. గట్టి రబ్బరు, బిరుసు నైలాను తాళ్లు మనిషికి మన్నికగా తోచినా, కొత్తగా నేర్చుకునే కుక్క నోటికి అవి ఒరుసుకుంటాయి. మెత్తటి ఉన్నిగుడ్డను పొడవు పేలికలుగా చింపి జడలా అల్లితే తొలిదశకు చక్కగా సరిపోతుంది. వాసనే ప్రపంచంగా బతికే జంతువు కనుక, ఆ అల్లికను ఒక పూట కుక్క తినే దాణా డబ్బాలో ఉంచితే దానికి అదనపు ఆకర్షణ చేకూరుతుంది. తిండిమీదే ధ్యాస గల కుక్కలకు లోపల తినుబండారం దాచి మూత బిగించే గుడ్డసంచి ఉపయోగపడుతుంది. సంచిని పట్టి లాగిన వెంటనే మనిషి దాన్ని తెరిచి ఒక ముక్క తినిపిస్తే, పట్టుకోవడానికీ లాభానికీ ఉన్న సంబంధం కుక్క మనసులో నాటుకుంటుంది. ఏ వస్తువును ఎంచుకున్నా దాన్ని రోజంతా ఇంట్లో పడేసి ఉంచకూడదు. ఎప్పుడూ కాళ్లకింద దొరికే వస్తువు విలువ కోల్పోతుంది. ఆట వేళకు మాత్రమే అల్మరాలోంచి బయటికి వచ్చే వస్తువు కోసం కుక్క ఎదురుచూస్తుంది.

కోరిన ప్రవర్తనకు దగ్గరగా వచ్చే చిన్నచిన్న ప్రయత్నాలను వరుసగా మెచ్చుకుంటూ శిక్షణను నడపడాన్ని ప్రవర్తనను మలచడం అంటారు. అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి నేటి కుక్కల శిక్షణకు పునాది. దీని ప్రకారం మొదట తాడువైపు చూసినా, తరువాత దాని వెంట రెండడుగులు వేసినా, ఆపైన మూతితో తాకినా మెచ్చుకోవాలి. నోటితో పట్టుకున్న తొలిసారి మనిషి గట్టిగా గుంజకూడదు. ఎదురు బలం తగలగానే భయపడి వదిలేసే కుక్కలు చాలా ఉంటాయి కనుక, తేలికగా ఒకసారి బిగించి, వెంటనే తాడును కుక్కకే వదిలేసి, దాన్ని నోట కరుచుకుని గర్వంగా తిరగనివ్వాలి. గెలిచిన కుక్క మళ్లీ ఆడటానికి వస్తుంది. మనిషి కుక్క మీదికి వంగి, కళ్లలోకి చూస్తూ నిలబడితే బెరుకు కుక్క వెనకాడుతుంది గనుక పక్కకు తిరిగి నేలమీద కూర్చోవడం మంచిది. గుడ్డలు, కర్టెన్లు లాగినందుకు చిన్ననాట దెబ్బలు తిన్న కుక్క తాడు పట్టడం కూడా తప్పేనని అనుకుంటుంది; దానికి ఇంకా ఎక్కువ ఓపిక, ఇంకా ఎక్కువ మెచ్చుకోలు కావాలి. తొలినాళ్లలో ఒక విడత ఒకటి రెండు నిమిషాలకు మించకుండా, కుక్క ఇంకా ఆడాలని కోరుకుంటుండగానే ఆపేయాలి. విసుగొచ్చేదాకా ఆడించి ఆపితే మరునాటికి మిగిలేది ఆ విసుగే.

చేతిలోని తాడు రుచి తెలిశాక పరికరానికి మళ్లించడం అంచెలంచెలుగా జరగాలి. అదే అల్లికకు మరికాస్త పొడవు తాడు కట్టి మనిషి దూరం జరగడం, తరువాత దాన్ని ఫ్లర్ట్ పోల్ చివర బిగించడం, ప్రతి పరుగు చివరా కుక్కకు అందేట్టు చేయడం వరుసగా సాగవలసిన పనులు. ఎన్నిసార్లు పరుగెత్తినా అందని ఎర మీద కుక్కకు ఆశ చచ్చిపోతుంది. స్ప్రింగ్ పోల్ విషయంలో మరొక చిక్కు ఉంది: స్ప్రింగు కీచుమనడం, గొలుసు గలగలలాడటం, వదిలిన తాడు వెనక్కి ఎగిరి మూతికి తగలడం కుక్కను బెదరగొడతాయి. అందువల్ల ముందు స్ప్రింగు లేకుండా తాడును మాత్రమే వేలాడదీసి, చివరి ముక్క నేలకు తగిలేంత కిందికి దించి, దానికి కట్టిన సన్నటి దారాన్ని మనిషి దూరంనుంచి లాగుతూ కదిలించాలి. కుక్క ధైర్యంగా పట్టి లాగడం మొదలుపెట్టాక మెత్తటి స్ప్రింగును, ఆ తరువాతే గట్టి స్ప్రింగును చేర్చాలి. కొన్ని వారాలు పట్టినా పరవాలేదు.

పట్టడం ఎంత ముఖ్యమో వదలడం అంతే ముఖ్యం. లాగుతున్న చేతిని కదలకుండా బిగబట్టి తాడును నిర్జీవంగా చేసి, "వదులు" అని ఒక్కసారి చెప్పి, నోటి పట్టు సడలగానే మళ్లీ ఆటను ప్రారంభిస్తే, వదిలితే ఆట పోదని, పైగా తిరిగి దొరుకుతుందని కుక్క గ్రహిస్తుంది. ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమానంగా వాడవచ్చునన్న మనస్తత్వవేత్త డేవిడ్ ప్రీమాక్ సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ. మాదకద్రవ్యాలను, పేలుడు పదార్థాలను పసిగట్టే కుక్కలకు పలు దేశాల పోలీసు, సైనిక శిక్షణలో చుట్టిన తువాలునో బంతినో లాగుడు ఆటగా అందించి పని రాబట్టడం కూడా ఈ సూత్రం మీదనే నడుస్తున్నది.

లాగుడు ఆటలో కుక్కను గెలవనిస్తే అది యజమానిమీద పెత్తనం చేస్తుందన్న భయం ఇంకా బలంగానే ఉంది. ఈ భయాన్ని నికోలా రూనీ, జాన్ బ్రాడ్‌షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు 14 గోల్డెన్ రిట్రీవర్ కుక్కలతో పరీక్షించారు. వాటిని కొన్నిసార్లు పదేపదే గెలిపించి, కొన్నిసార్లు పదేపదే ఓడించి, ఆటకు ముందూ తరువాతా మనిషి పట్ల వాటి ప్రవర్తనను పోల్చి చూసినప్పుడు, గెలుపు వల్ల పెత్తనపు ధోరణి పెరిగిన దాఖలా వారికి కనిపించలేదు. 2002లో ప్రచురితమైన ఈ ఫలితం తరువాత కూడా కుక్కను ఎప్పుడూ ఓడించాలని చెప్పడం ఆధారంలేని సలహా. ఆహారాన్నో వస్తువులనో కాపలా కాస్తూ గుర్రుమని కరవడానికి వచ్చే కుక్క సంగతి మాత్రం వేరు. దానికి ముందు నిపుణుల సలహా అవసరం.

శరీరానికి సంబంధించిన జాగ్రత్తల్లో రాజీ పనికిరాదు. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. సుమారు నాలుగో నెలనుంచి ఏడో నెల వరకు అవి ఊడి 42 శాశ్వత దంతాలు వచ్చే కాలంలో చిగుళ్లు నొప్పిగా ఉంటాయి కనుక బలంగా లాగడం మానాలి. పెద్దజాతి కుక్కల ఎముకల చివర ఉండే ఎదుగుదల పలకలు మూసుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది గనుక అంతవరకు ఎగిరి దూకించడం, హఠాత్తుగా మలుపులు తిప్పడం తగదు. తాడును పైకీ కిందికీ కుదపకుండా, కుక్క మెడకు తిన్నగా, నేలకు సమాంతరంగా లాగాలి. వెన్నుపూసల మధ్య డిస్కు జబ్బుకు లోనయ్యే డాష్‌హండ్ వంటి కుక్కల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. కుక్కను తాడుకు వేలాడనిచ్చి బలప్రదర్శనగా చూపించడం కొందరికి ముచ్చటగా ఉన్నా, మొత్తం బరువు మెడమీద, కోరపళ్లమీద పడుతుంది. పాదాలు నేలను వీడకూడదు.

తెలుగు నేలమీద ఎండను ప్రత్యేకంగా తలచుకోవాలి. కుక్కకు మనిషికి పట్టినట్టు ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని ప్రధాన ఉపశమనం. సుమారు 38నుంచి 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండవలసిన దాని శరీర ఉష్ణోగ్రత 41 దాటితే ప్రాణాపాయం. ఏప్రిల్, మే నెలల్లో, రోహిణి కార్తె ఎండల్లో సూర్యోదయానికి ముందో, బాగా చల్లబడ్డాకో తప్ప ఈ ఆట ఆడించకూడదు; పగ్, బుల్‌డాగ్ వంటి మూతి చదునైన జాతులకు చల్లని వేళల్లోనూ కొద్ది సేపే చాలు. లోతైన ఛాతీ గల పెద్దకుక్కల కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉన్నందున భోజనానికి అటూ ఇటూ గంటో రెండు గంటలో విరామం ఇవ్వాలి. ఆటంటే పడిచచ్చే కుక్క అకస్మాత్తుగా తాడు ముట్టకపోతే పన్ను విరిగిందేమో, పిడుదుల ద్వారా సోకే జ్వరం వచ్చిందేమో పశువైద్యుడికి చూపించాలి. ఆటలో పన్ను గీరుకుని మనిషి చర్మం చిట్లితే, సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, కుక్కకు టీకా వేయించి ఉన్నా వైద్యుడిని సంప్రదించాలి.

స్ప్రింగ్ పోల్‌ను కొన్నిచోట్ల కుక్కపందేలకు కుక్కలను తయారుచేసేందుకు వాడిన చరిత్ర ఉంది. జంతువులను పోరాటానికి ఉసిగొల్పడం మన దేశంలో 1960నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అది సాధనం దోషం కాకపోయినా, సాధనాన్ని కుక్క ముందు వదిలేసి మనిషి వెళ్లిపోవడం ఆటకు విరుద్ధమే అవుతుంది. తాడు మెడకు చుట్టుకునే ముప్పు, ఊడిన పోగులు మింగి పేగుల్లో ఇరుక్కునే ముప్పు కూడా ఉన్నాయి. ఎన్ని విధాల ప్రయత్నించినా లాగుడు మీద ఇష్టం కలగని కుక్కలు ఉంటాయి. ఇంట్లో దాచిన తినుబండారాన్ని వాసనతో వెతికించే ఆట వాటికి అంతే మేలు చేస్తుంది. అటువంటి కుక్కను తాడు పట్టమని బలవంతపెట్టవద్దని పెంపకందార్లకు మనవి.