చేతి వాచీకీ లింకు డాక్యుమెంట్లు

ఒకరు వాడిన ఖరీదైన చేతి వాచీని, అంటే వ్యాపారులు ‘ప్రీ ఓన్డ్’ అనీ బజారు ‘సెకండ్ హ్యాండ్’ అనీ పిలిచే వస్తువును కొనదలచినవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న అది అసలుదా, నకిలీదా అన్నదే. అయితే అమెరికాకూ గల్ఫ్ దేశాలకూ రాకపోకలు విరివిగా సాగే కృష్ణా డెల్టాలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఆ వాచీ ఈ దేశంలోకి ఏ దారిన వచ్చింది? ఈ ప్రశ్నను తప్పించుకోలేనిదిగా చేస్తున్నది 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 123వ సెక్షను. లక్షలు పోసి వాచీ కొనే ప్రతివారూ ముందుగా చదవవలసిన పాఠం ఇదే.

నేరం మోపినవారే రుజువు చూపాలన్నది న్యాయశాస్త్రంలో సాధారణ సూత్రం కాగా, ఈ సెక్షను దాన్ని తిరగేసింది. దొంగరవాణా సరుకని సహేతుకంగా నమ్మి అధికారులు స్వాధీనం చేసుకున్న వస్తువు అలాంటిది కాదని నిరూపించే భారం, అది ఎవరి దగ్గర దొరికిందో వారి మీదే పడుతుంది. అది తనదేనంటూ వేరొకరు ముందుకు వస్తే వారి మీద కూడా పడుతుంది. ఈ నియమం అన్ని సరుకులకూ వర్తించదు. రెండో ఉపసెక్షను బంగారాన్నీ బంగారు వస్తువులనూ పేర్కొని, ఆ వెంటనే వాచీలను పేర్కొంటుంది. మరే సరుకును చేర్చాలన్నా కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషను ఇవ్వవలసి ఉండగా, వాచీ మాత్రం చట్టం పాఠంలోనే బంగారం సరసన నిలిచి ఉంది. అంటే, విజయవాడలో కొన్న వాచీని సర్వీసింగుకు ఇచ్చినప్పుడు అది ఆ దుకాణంలో పట్టుబడితే, రుజువు చూపవలసిన బాధ్యత దుకాణదారుతో పాటు దాన్ని తనదని చెప్పుకునే కొనుగోలుదారుకూ ఉంటుంది.

ఇక్కడే గ్యారంటీ కార్డు విలువ ఎంతో, దాని హద్దు ఎక్కడో తేలుతుంది. రోలెక్స్ కార్డును ఉదాహరణగా తీసుకుంటే, దాని మీద మోడలు నంబరు, సీరియల్ నంబరు, అమ్మిన తేదీ ఉంటాయి. ఆ సీరియల్ నంబరు పాత వాచీల్లో ఆరు గంటల అంకె వైపు, పట్టీ తగిలించే రెండు కొమ్ముల మధ్య, పట్టీ ఊడదీస్తే తప్ప కనిపించని చోట చెక్కి ఉంటుంది. ఇటీవలి వాచీల్లో డయలు చుట్టూ ఉన్న లోపలి వలయం మీద, అద్దంలోంచి చదవగలిగేలా ఉంటుంది. రెండు నంబర్లూ కలవడం తప్పనిసరి. కలిసినా, తేలేది ఆ కార్డు ఆ నంబరు వాచీకి ఇచ్చినదని మాత్రమే; నకిలీ తయారీదారు నంబరుతో పాటు కార్డునూ తయారు చేయగలడు గనుక, వెనక మూత తీయించి లోపలి యంత్రాన్ని నిపుణుడికి చూపించక తప్పదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, దుబాయ్ దుకాణం ఇచ్చిన కార్డు ఆ వాచీని దుబాయ్‌లో కొన్నారని చెబుతుందే గాని, భారతదేశంలో సుంకం కట్టారని చెప్పదు. పెట్టె, కార్డు, బిల్లు అన్నీ ఉన్న ‘ఫుల్ సెట్’ అని అమ్మకందారు గర్వంగా చూపించే కట్టలో చాలాసార్లు లేనిది ఆ సుంకం రసీదే.

పొలం కొనేటప్పుడు పాత హక్కుపత్రాలైన లింకు డాక్యుమెంట్లు, తాకట్టుల వివరాలు చెప్పే ఈసీ చూడకుండా బయానా ఇవ్వని డెల్టా రైతు కుటుంబాలు, అంతే జాగ్రత్తను వాచీ విషయంలోనూ చూపించాలి. తెలియక, సద్భావంతో కొన్నవారికి చట్టం కొంత ఊరటనిస్తుంది: దొంగ సరుకని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ కొన్నవారికే 112వ సెక్షను కింద జరిమానా పడుతుంది. అయితే వాచీ జప్తు కావడం వేరు, మనిషికి జరిమానా పడడం వేరు. మొదటిది రెండోది లేకుండానే జరగవచ్చు.

చరిత్ర ఇక్కడ క్లుప్తంగా చాలు. విదేశీ మారకద్రవ్యం కరువైన రోజుల్లో, బెంగళూరులో హెచ్‌ఎంటీ జపాన్‌కు చెందిన సిటిజన్‌తో కలిసి వాచీలు మొదలుపెట్టిన 1961 తర్వాతి ఏడే ఈ చట్టం వచ్చింది. ఆపై హైదరాబాద్ ఆల్విన్ సీకో సహకారంతో వాచీలు చేసింది, 1980లలో టైటాన్ రంగంలోకి దిగింది, 2016లో హెచ్‌ఎంటీ వాచీల సంస్థ మూతకు కేంద్రం ఆమోదం తెలిపింది. కొరత పోయినా సెక్షను మాత్రం మిగిలింది.

పది లక్షలు దాటితే

2025 ఏప్రిల్ 22 నుంచి, 10 లక్షల రూపాయలకు మించిన చేతి వాచీ అమ్మకంపై 1 శాతం పన్నును అమ్మకందారు మూలంలోనే వసూలు చేయాలి. దీన్నే టీసీఎస్ అంటారు. ఇది అదనపు భారం కాదు, కొనుగోలుదారు ఆదాయపన్ను లెక్కలో జమ అవుతుంది. ‘పాన్ వద్దు, నగదు చాలు’ అనే వ్యాపారిని వదులుకోవడానికి ఇదొక్కటే చాలు. స్విట్జర్లాండ్ సభ్యదేశంగా ఉన్న ఎఫ్టా కూటమితో భారత్ వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చి, స్విస్ వాచీల దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతున్నందున, పాత వాచీ ధరపై గట్టిగా బేరమాడడానికీ ఇదే అదను.

డెల్టా గాలి, రబ్బరు వలయం

మూత దగ్గరా, తాళం తిప్పే మర దగ్గరా తేమను ఆపేది సన్నని రబ్బరు వలయం. అది కాలంతో పాటు గట్టిపడి బీటలు వారుతుంది; మచిలీపట్నం వైపు ఉప్పుగాలీ, మే నెల చెమటా తోడైతే లోపల తుప్పు మొదలవుతుంది. 30 మీటర్లు అని రాసి ఉన్నంత మాత్రాన వాచీ ఈతకు పనికిరాదు. డయలు అంచున చిన్న చుక్కలు కనిపిస్తే, అవి తేమ గుర్తులేమో తేల్చుకున్నాకే ధర మాట్లాడాలి.

దొంగరవాణాను అరికట్టే కస్టమ్స్ ప్రివెంటివ్ కమిషనరేట్ విజయవాడలోనే పనిచేస్తోంది. అందుకే కొనేవారు బయానాకు ముందే, వాచీ సీరియల్ నంబరు రాసి ఉన్న జీఎస్‌టీ బిల్లును గానీ, భారతదేశంలోని అధీకృత దుకాణం మొదటి అమ్మకపు బిల్లు నకలును గానీ, విదేశం నుంచి తెచ్చినదైతే విమానాశ్రయంలో సుంకం కట్టిన రసీదును గానీ అడిగి తీసుకోవాలి. వీటిలో ఒక్కటీ చూపించలేని వాచీని, ధర ఎంత తక్కువైనా, కొనవద్దు.